గుప్పెడు తెల్ల పొడి

పారిస్, సాన్ మార్సో పేట
1832 ఏప్రిల్ 6

నా క్లెమాన్స్‌కు,

ఈ ఉత్తరం మీ అమ్మగారి ఎదుట చదవకు. పెరట్లోకి వెళ్ళి ఒక్కదానివే చదువుకో. తర్వాత ఆమెకు ఎలా చెప్పాలో నీకే తెలుస్తుంది.

సిల్వెన్ పోయాడు. మొన్న బుధవారం.

ఈ కలరా రోగం సంగతి నీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. దానికి భయపడే కదా నిన్ను ఒసేర్‌కి, మీ అమ్మ దగ్గరికి పంపించాను. పొద్దున నిలబడి మాట్లాడిన మనిషి సాయంత్రానికి నీలంగా మారిపోతున్నాడు. పక్కింటి చెప్పులవాడూ అతని భార్యా ఒకే రోజు పోయారు. శవపెట్టెలు చేసేవాళ్ళు దొరకడం లేదు. ఇళ్ళు మారేటప్పుడు సామాన్లు వేసే పెద్ద బండ్ల మీద శవాలను గోనెల్లో కట్టి తీసుకుపోతున్నారు. పూడ్చిన చోట పైన సున్నం పోస్తున్నారు.

నీ తమ్ముడు ఎక్కువ బాధపడలేదు. నేను దగ్గరే ఉన్నాను.

నువ్వు రావద్దు. వచ్చినా చూడటానికి ఏమీ లేదు. అతని బట్టలు కాల్చేశాను. ఇక్కడ అలాగే చేయాలి. రోజూ రాసుకునే పుస్తకంలో ఆ రోజు ఏం రాశానా అని ఇప్పుడే తిప్పి చూశాను. 'బుధవారం. వాన లేదు. సున్నం తయారు చేయలేదు' అని ఉంది. అంతకన్నా రాయడం నాకు చేతకాలేదు. నా సంగతి నీకు తెలుసు.

బజీల్


పారిస్
జూన్ 20

క్లెమాన్స్‌కు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. యోన్ నది మీద కట్టెల తెప్పలు నడిపేవాళ్ళు పారిస్‌లో విన్నవన్నీ మీ ఊరికి మోసుకొస్తారని తెలిసి కూడా అబద్ధం రాశాను. తెప్పలవాడు నీతో అన్నది నిజం. సిల్వెన్ శవం బియేవ్రు వాగులో దొరికింది. అతను రోగంతో పోలేదు. అతన్ని చంపారు.

ఇంతకాలం ఎందుకు దాచానని అడిగావు. మీ అమ్మగారు తట్టుకోలేరని రాద్దామనుకున్నాను, కానీ అది కారణం కాదు. జరిగింది రాస్తాను. చదవలేకపోతే మధ్యలో ఆపెయ్.

ఏప్రిల్ మొదటి రోజుల్లో ఈ పేటలో ఒక పుకారు లేచింది. రోగం అంటూ ఏమీ లేదు, డబ్బున్నవాళ్ళు పేదల్ని తగ్గించడానికి బావుల్లో, సారాయి పీపాల్లో, రొట్టెపిండిలో విషం కలిపిస్తున్నారు అని. గోడల మీద ఎవరో కాగితాలు అంటించారు. చేతిలో సీసా ఉన్నవాణ్ణల్లా, జేబులో పొట్లం ఉన్నవాణ్ణల్లా ఆపి సోదా చేసేవాళ్ళు. మంగళవారం నదికి అవతల ఒక గుమాస్తా జేబులో కర్పూరం పొట్లం చూసి, విషమని కొట్టి చంపారు. నేను విన్నాను. విని కూడా బుధవారం పొద్దున సిల్వెన్ చేతికి సంచి ఇచ్చి పంపించాను. మనుషులు చచ్చిపోయిన ఇళ్ళలో చల్లడానికి నేను పెరట్లో తయారు చేసే క్లోరైడు సున్నం అది. దాని వాసన నీకు తెలుసు. ఏడేళ్ళుగా నా బట్టల్లోంచి పోలేదని నువ్వు తిడుతుండేదానివి.

తోళ్ళు నానబెట్టే గుంటల దగ్గర నాలుగు దారులు కలిసే చోట బావి ఉంది కదా. ఆ పక్క ఇంట్లో పొడి చల్లి బయటికి వచ్చాడు. చేతికి అంటింది కడుక్కోవడానికి బావి గట్టు దగ్గర వంగాడు. సారాయి కొట్టు నడిపే తొనెల్ అది చూసి, బావిలో విషం కలుపుతున్నాడని అరిచింది. అంతే. ఒక్క నిమిషంలో వందమంది.

ముందు నిలబడినవాడు రెమీ గోబెర్. తోళ్ళబండి తోలేవాడు, ఎర్ర మెడవాడు, మన దగ్గర గుర్రానికి పూతమందు కొనేవాడు. ఆ రోజు తెల్లవారేసరికి వాడి భార్య పోయింది. నేను వెళ్ళి చూశాను కూడా. చేతులు కొంకర్లు పోయి, పంటితో పెదవి కొరుక్కుని పోయింది. వాడు అప్పటికే తాగి ఉన్నాడు.

మొదటి దెబ్బ బావి బాల్చీతో కొట్టారు. చెవి మీద. కింద పడ్డాక చెక్కచెప్పులతో తొక్కారు. ఆడవాళ్ళు కూడా. బండి పక్కకి గుచ్చే కర్ర పీకి గోబెర్ వీపు మీద కొట్టాడు. అది విరిగితే ఇంకోటి తెచ్చాడు. సిల్వెన్ ఏప్రన్ అతని మెడకే చుట్టి, దాన్ని పట్టుకుని రాళ్ళ మీద ఈడ్చుకుంటూ వాగు దాకా తీసుకుపోయారు. తోలు నానబెట్టే నీళ్ళు ఎప్పుడూ గోధుమరంగులోనే ఉంటాయి కాబట్టి రక్తం కనిపించలేదు. ముఖం చూసి పోల్చుకోవడానికి వీల్లేకుండా చేశారు. కుడిచేతి వేళ్ళ మీద పాత ఆసిడ్ మచ్చలు ఉండేవి, వాటిని బట్టి పోల్చాను.

నేను మన మందుల కొట్లో ఉన్నాను. వెళ్ళేసరికి అంతా అయిపోయింది.

గోబెర్‌ని, ఇంకో ఇద్దరిని పట్టుకున్నారు. ఆగస్టులో విచారణ. నన్ను సాక్షిగా పిలిచారు.

బజీల్


పారిస్
ఆగస్టు 9

క్లెమాన్స్‌కు,

'వాడి తల తెగి బుట్టలో పడాలి, ఆ రోజు మీరు దగ్గరుండి చూసి నాకు రాయాలి' అని రాశావు. నీ కోరిక తప్పని నేను అనను. ఎల్లుండి నేను సాక్ష్యం చెప్పాలి. అక్కడ చెప్పబోయేది కోర్టులో ముక్కూ ముఖం తెలియని వాళ్ళకన్నా ముందు నువ్వు వినాలి. అందుకే ఇది రాస్తున్నాను. నువ్వు ఇది చదివేసరికి బహుశా అక్కడ చెప్పేసి ఉంటాను.

పోయిన ఉత్తరంలో చివర ఒక అబద్ధం ఉంది. అది జరుగుతున్నప్పుడు నేను కొట్లో లేను.

అరుపు వినగానే వెళ్ళాను. కొట్టుకి ముప్ఫై అడుగుల దూరం. జనం నాకు దారి ఇచ్చారు. ఈ పేటలో నాకు శత్రువులు లేరు. తోళ్ళవాడి కొడుకుని, మందుల సీసాల మీది పేర్లు చూసి అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి, ముప్ఫయ్యో ఏట పరీక్షలో నెగ్గి కొట్టు పెట్టుకున్నవాణ్ణి. వాళ్ళ పిల్లల కడుపునొప్పులన్నీ నాకు తెలుసు. నేను వాళ్ళలో ఒకణ్ణి అని వాళ్ళ నమ్మకం.

అప్పటికి సిల్వెన్‌ని ఇంకా పెద్దగా కొట్టలేదు. చొక్కా చించారు, ముక్కులోంచి కాస్త రక్తం వస్తోంది. ఇద్దరు చేతులు పట్టుకున్నారు. సంచి గోబెర్ చేతిలో ఉంది.

గోబెర్ నాకు టోపీ తీశాడు. అంత తాగి కూడా తీశాడు. "ఓద్రన్ గారూ, మీరొచ్చారు, మంచిదయింది. మీరు మా మనిషి. మీరే చెప్పండి. ఇది విషమా కాదా?"

నేను ఆలోచించలేదు. కాదన్నాను. ఇల్లు శుభ్రం చేసే సున్నం, నేనే తయారు చేశాను, ఇతను నా బావమరిది అన్నాను.

చాకలి మార్త్ వెంటనే, "నే చెప్పలా? ఆయన బావమరిదేనంట, ఒదిలెయ్యండర్రా" అంది. పట్టుకున్నవాళ్ళ చేతులు సడలాయి. నేను చూశాను, క్లెమాన్స్. సడలాయి. వెనకవాళ్ళు కొందరు వెళ్ళిపోవడానికి తిరిగారు కూడా. గోబెర్ సంచి నాకు ఇవ్వబోయాడు. ఇంకో అర నిమిషం గడిచి ఉంటే ఇద్దరం ఇంటికి వచ్చేవాళ్ళం.

అప్పుడు తొనెల్ నవ్వుతూ అంది. "అంత మంచిదైతే ఆ కుర్రాణ్ణి కాస్త నోట్లో వేసుకోమనండి. మేమూ చూస్తాం."

జనం నవ్వారు. కోపంతో కాదు, భయం తగ్గినప్పుడు వచ్చే నవ్వు. ఎవరైనా నవ్వితే వాళ్ళను ఇంకాస్త నవ్వించకుండా ఉండలేడు నీ తమ్ముడు. చెయ్యి విడిపించుకుని సంచిలో పెట్టి గుప్పెడు తీశాడు. "దీనికా ఇంత గొడవ? ఉప్పు తక్కువుంటుంది గానీ, తింటాను చూడండి" అని నోరు తెరిచాడు. ముక్కు కింద రక్తంతో, నవ్వుతూ.

నేను అరిచాను. "వద్దు, తినకు."

ఆ మాట నేను అనలేదు, నా నోరు అంది. పన్నెండేళ్ళుగా కొట్లో రోజుకు పదిసార్లు అంటున్న మాట. రుచి చూడకు, వాసన చూడకు, వేలు నాకకు. ఆ పొడి నాలుకకు తగిలితే ఏమవుతుందో నాకు తెలుసు. నా కళ్ళకు జనం కనిపించలేదు. అతని నోరు, ఆ పొడి, అంతే కనిపించాయి. వేడి మూకుడు మీదికి పోయే పిల్లవాడి చెయ్యి ఎలా లాగేస్తామో అలా అరిచాను.

జనం నవ్వు ఆగిపోయింది. సిల్వెన్ చెయ్యి గాలిలో ఆగింది. వేళ్ళ సందుల్లోంచి పొడి రాలుతోంది. నన్ను చూశాడు. ఏం చేశావు బావా అన్నట్టు కాదు. ఇంకా అర్థం కాలేదు వాడికి. పెదాల మీద నవ్వు అలాగే ఉంది.

గోబెర్‌కి ముందు అర్థమైంది. నా వైపు తిరిగి తల ఊపాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. దాంట్లో నా మీద కోపం లేదు. కృతజ్ఞత ఉంది. బావమరిదిని కాపాడబోయి కూడా, మనసు ఒప్పక చివరికి నిజం చెప్పిన మనిషిని చూసినట్టు చూశాడు.

తర్వాతది నీకు రాశాను. అందులో అబద్ధం లేదు. నేను దాన్నంతా ఐదు అడుగుల దూరం నుంచి చూశాను. నోరు కాలుతుందని, విషం కాదని, నిప్పు తినొద్దని అంటే నిప్పు విషమవుతుందా అని, ఏవేవో అరిచాను. ఎవరికీ వినపడలేదు. తోళ్ళపనివాళ్ళు ఇద్దరు నన్ను పట్టుకున్నారు. కొట్టడానికి కాదు. ఒకడు ఎంతో మర్యాదగా అన్నాడు, "మీరు ఇటు రండి అయ్యా, బట్టల మీద పడుతుంది." సిల్వెన్ "బావా, చెప్పు వాళ్ళకి" అని రెండుసార్లు అన్నాడు. మూడోసారి 'బావా' వరకే వినిపించింది. దాని తర్వాత కర్ర చప్పుడు. పచ్చి తోలు మీద కొట్టినట్టు మెత్తగా ఉంటుంది ఆ చప్పుడు. నేను అది వింటూ పెరిగినవాణ్ణి.

ఇంకొకటి ఉంది. ఇది కోర్టులో కూడా అడగరు. నీకే చెబుతున్నాను.

వాగు దగ్గర్నుంచి వాళ్ళు తిరిగి వచ్చి నన్ను తొనెల్ కొట్లోకి తీసుకుపోయారు. చేతుల మీద మోసుకుపోయారు. చేతులు పట్టుకుని ఊపారు. ఒక ముసలావిడ నా చెయ్యి ముద్దు పెట్టుకుంది. బంధుత్వం కూడా చూడలేదు మహానుభావుడు, మన పిల్లల్ని కాపాడాడు అన్నారు. గోబెర్ నా పక్కనే కూర్చుని ఏడ్చాడు. వాడి చేతి వెంట్రుకలకు నీ తమ్ముడి రక్తం అంటుకుని ఉంది. నా ముందు సారాయి గ్లాసు పెట్టారు.

తాగాను, క్లెమాన్స్. తాగకపోతే నన్నూ చంపుతారని తాగాను. పూర్తిగా తాగాను. రెండోది పోస్తే అదీ తాగాను.

ఇక కోర్టు సంగతి. పట్టుకున్న రోజు నుంచీ గోబెర్ ఒకే మాట అంటున్నాడట. 'మందులాయనే తినొద్దని అరిచాడు, ఆయన్ని అడగండి' అని. విచారణ చేసే దొర నాతో ఆ సంగతి నవ్వుతూ చెప్పాడు. చచ్చేవాడు ఏదైనా అంటాడు, మీరు లేదు అనండి చాలు అన్నాడు. నేను ఒక్కసారి లేదు అంటే వాడి తల పోతుంది. నీ కోరిక తీరుతుంది. నా పేరు నిలబడుతుంది. ఆ మూడూ నాకు తెలుసు.

నాలుగు నెలలుగా ఆ 'లేదు' అనే మాటను నోట్లో తిప్పుతున్నాను. అది బయటికి రాదు. అరిచాను అనే చెబుతాను. వాడు బతికితే బతుకుతాడు.

నువ్వు తిరిగి వస్తావా రావా అని అడిగే అర్హత నాకు లేదు. అయినా అడుగుతున్నాను.

బజీల్


ఒసేర్
ఆగస్టు 27

బజీల్ గారికి,

మీ ఉత్తరం కన్నా ముందు పేపరు వచ్చింది. ఫాదరు గారు మా అమ్మకు చదివి వినిపిస్తుంటే నేను వంటింట్లో కుందేలు కోస్తున్నాను. 'మృతుని బావ, మందుల వ్యాపారి ఓద్రన్' అని వినిపిస్తే కత్తి పట్టుకునే బయటికి వచ్చాను. గోబెర్‌కి పన్నెండేళ్ళ కఠిన శిక్ష, తూలోన్ బందీఖానా. తల తియ్యరట. మీ మాట విని జ్యూరీలో ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడట. సంతోషం. మా ఇంట్లో మా అమ్మ కింద పడిపోయింది, ఆవిడ కళ్ళు తుడవడానికి జ్యూరీ ఎవరూ లేరు.

ఆ మర్నాడు మీ ఉత్తరం వచ్చింది.

మీరు రోగం అని రాశారు, నమ్మాను. ఏడ్చి ఊరుకున్నాను. కొట్లో ఉన్నాను అని రాశారు, నమ్మాను. గోబెర్‌ని శపిస్తూ రోజుకు రెండుసార్లు చర్చికి వెళ్ళాను. ఇప్పుడు ఇది. మీరు మాట్లాడని మనిషి అని పెళ్ళిలో మా మేనత్త ఎగతాళి చేస్తే, మాట్లాడకపోతేనేం, మాట్లాడితే నిజమే మాట్లాడతారు అన్నాను. అది గుర్తొచ్చి నవ్వొచ్చింది.

సారాయి తాగిన సంగతి మీద నాకు కోపం లేదు. వింటే మీకు ఆశ్చర్యంగా ఉంటుంది. నేనైనా తాగేదాన్ని. వాళ్ళు రక్తం పట్టించినా తాగేదాన్ని, భయమేస్తే. కోపం దాని మీద లేదు.

సిల్వెన్‌కి ఆరేళ్ళప్పుడు నేను సబ్బు ముక్క తినలేవురా అంటే తినేశాడు. ఇంట్లో అందరం నవ్వాం. నురగ కక్కుతూ వాడూ నవ్వాడు. వాణ్ణి అలా పెంచింది మేమే. అంటే ఆ గుప్పెడూ తినేసేవాడు. మీరు రాసింది చదువుతుంటే వాడి చెయ్యి, వాడి నోరు నాకు కనిపించాయి. అందుకే ఒక్క సంగతి అడుగుతున్నాను. రెండు వారాలుగా ఇది తప్ప నా బుర్రలో ఇంకేమీ లేదు.

మీరు ఆ రోజు అరవకుండా ఉంటే, వాడు అది మింగి ఉంటే, బతికేవాడా?

దీనికి జవాబు మీకొక్కరికే తెలుసు. ఫాదరు గారిని అడిగితే దేవుడి చిత్తం అంటారు. మా ఊరి డాక్టరుకి ఆ పొడి పేరే తెలియదు. మీరు ఏడేళ్ళు దాన్ని పీలుస్తూ తయారు చేశారు.

వాడు ఎలాగూ చచ్చిపోయేవాడే అయితే ఆ మాట రాయండి. మీరు అరిచినా అరవకపోయినా ఒకటే అని నాకు నేను చెప్పుకుంటాను. అది అందిన మొదటి గురువారం బండికి బయల్దేరతాను. ఇల్లు కడిగించి ఉంచండి, వాడి మంచం తీసేయించండి. ఈ సంగతి మళ్ళీ మన మధ్య రానివ్వను. మీరు ఏం రాస్తే అది నమ్ముతాను. నమ్మడానికి సిద్ధంగా ఉన్నాను, ఆ మాట గుర్తుంచుకోండి.

బతికేవాడైతే అదీ రాయండి.

క్లెమాన్స్


పారిస్
సెప్టెంబరు 1

క్లెమాన్స్‌కు,

బతికేవాడు.

గుప్పిట్లో ఉన్నది అంతా నోట్లోకి వెళ్ళేది కాదు. మంట తగలగానే సగానికి పైగా ఉమ్మేసేవాడు. పెదాలు, నాలుక, అంగిలి కాలిపోయేవి. గొంతు లోపల కొంత. నేను వెంటనే నీళ్ళు పట్టించేవాణ్ణి, తర్వాత గుడ్డు తెల్లసొన, పాలు. నాలుగైదు రోజులు జ్వరం. పది రోజులు గంజి తప్ప ఏదీ మింగలేకపోయేవాడు. నెలకు మెత్తటి రొట్టె తినేవాడు. ఆ నురగా రక్తం చూసి జనం ఏం చేసేవాళ్ళో నేను చెప్పలేను. నువ్వు అడిగింది పొడి సంగతి, అది మాత్రం చెప్పగలను. ఆ పొడి అతన్ని చంపేది కాదు.

గొంతు కాస్త బొంగురుపోయి ఉండేది. ఈపాటికి మాట్లాడుతూ ఉండేవాడు.

బజీల్